మన ఇంట్లో ఆపద సంచి ఉందా?



వార్షికోత్సవ సంచిక అనగానే మేము రాసే అంశాలు కొన్ని ఉన్నాయి. క్రమశిక్షణ, కాలం విలువ, అమ్మ ప్రేమ, అంబేద్కర్ జీవితం. అవన్నీ రాయాల్సినవే. ఈసారి కూడా తమ్ముళ్ళు రాశారు, ముందు పేజీల్లో మీరు చదివే ఉంటారు. చివరి సంవత్సరం చదువుతున్న మేము మాత్రం ఒక సంచి గురించి రాయాలనుకున్నాం. తలుపు వెనక మేకుకు వేలాడదీసే మామూలు గుడ్డసంచి. వినడానికి చిన్న సంగతిగా ఉంటుంది. ఎందుకు రాస్తున్నామో చెప్పాలంటే 2025 జూన్ 30 నుంచి మొదలుపెట్టాలి.

ఆ రోజు సోమవారం. టిఫిన్లు అయిపోయి, పళ్ళేలు కడుక్కుని కాలేజీకి బయలుదేరుతున్నాం. తొమ్మిది దాటాక పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగిందని ఫోన్లలో వార్త వచ్చింది. మొదట పది మంది అన్నారు. సాయంత్రానికి లెక్క మారింది. మర్నాటికి మళ్ళీ మారింది. చివరికి 46 మంది చనిపోయినట్టు తేలింది, మరో 8 మంది ఆనవాళ్ళే దొరకలేదు. మొత్తం 54 మంది. ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ లాంటి దూర ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు అందులో చాలామంది. అక్కడ తయారయ్యేది బాంబుల మందు కాదు. చెక్క గుజ్జు నుంచి తీసే మెత్తటి తెల్ల పొడి. మనం జ్వరానికి వేసుకునే గోలీ గట్టిగా నిలబడేందుకు కలిపే పొడి అది. అలాంటి పొడి కూడా గాలిలో దుమ్ములాగా లేచి, నిప్పురవ్వ తగిలితే బాంబులాగా పేలుతుందని మేము సైన్సు పుస్తకంలో కాదు, ఆ రోజు నేర్చుకున్నాం.

మా హాస్టల్‌లో జరిగింది కూడా చెప్పాలి. వార్డెన్ సారు వరండాలోకి వచ్చి "పాశమైలారంలో ఎవరెవరి నాన్నలు పనిచేస్తున్నారు, చేతులెత్తండి" అన్నారు. చేతులు లేచాయి. "ఏ కంపెనీ?" అన్నారు. లేచిన చేతులు చాలావరకు దిగిపోయాయి.

మాకు తెలియదు. సిగ్గుగా ఉన్నా ఒప్పుకోవాలి. నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు "మా నాయన గోలీల కంపెనీల జేస్తడు సార్" అన్నాడు. ఇస్నాపూర్ చౌరస్తా నుంచి లోపలికి పోతే గోలీలకు సంబంధించిన కంపెనీలు ఎన్నున్నాయో ఈ సంచిక చదివే అన్నలకు మేము చెప్పనక్కరలేదు. కాంట్రాక్టరు పేరు అడిగితే "మేస్త్రీ" అన్నాడు. మేస్త్రీ పేరు అడిగితే ఏడ్చాడు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. చాలా కంపెనీల్లో ఫోన్లు గేటు దగ్గరే పెట్టేసి లోపలికి పోవాలి కదా. మధ్యాహ్నం రెండు గంటలకు వాళ్ళ నాయనే ఫోను చేశాడు. ఆయన వేరే కంపెనీ. రాత్రి షిఫ్టు చేసి గదికి పోయి పడుకున్నాడు, ఫోను సైలెంట్‌లో ఉంది. అంతే! కానీ ఆ నాలుగైదు గంటలు ఆ తమ్ముడి పక్కన కూర్చున్న మాకు తెలుసు, మనిషికి కావలసినవాళ్ళు ఎక్కడున్నారో తెలియకపోవడం ఏమిటో.

ఆ కంపెనీ ముందు, పటాన్‌చెరు ఆసుపత్రి ముందు ఎన్నో కుటుంబాలకు ఆ రెండు గంటల ఫోను రాలేదు. లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క తేలడానికే రోజులు పట్టింది. గుర్తుపట్టలేని దేహాలకు డి.ఎన్.ఏ. పరీక్షలు చేశారు. భాష రాని ఊళ్ళో, చేతిలో ఒక ఫొటో పట్టుకుని, మా వాడు ఇక్కడే పనిచేసేవాడని చెప్పుకుంటూ వాళ్ళు నిలబడ్డారు.

అప్పటి నుంచి మా గదిలో రాత్రిపూట ఈ మాటే. ఆపద వస్తే ఇంట్లో ఏం సిద్ధంగా ఉండాలి? దసరా సెలవులకు ముందు కాలేజీ లైబ్రరీలో వెదికి చదివాం. పెద్ద దేశాలలో ప్రతి ఇంటికీ ఇటువంటి సంచి ఒకటి ఉండాలని ప్రభుత్వాలే చెబుతాయి. భూకంపాలు ఎక్కువగా వచ్చే జపాన్‌లో అయితే గుమ్మం పక్కన ఈ సంచి పెట్టుకోవడం ఇంటి అలవాటు. మూడు రోజులకు సరిపడా నీళ్ళు, డబ్బా ఆహారం, రేడియో, కంబళ్ళు, మందులు, కారులో పెట్టుకునే సామాను, పెంపుడు కుక్కకు తిండి! ఇవన్నీ చదివి నవ్వుకున్నాం. నీళ్ళ లెక్కే చూడండి. మనిషికి రోజుకు 4 లీటర్లట. ఐదుగురికి మూడు రోజులంటే 60 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. బొల్లారంలోనో ఇస్నాపూర్‌లోనో మా అమ్మానాన్నలు అద్దెకుండే గది పది అడుగులకు పది అడుగులు. అందులోనే పొయ్యి, అందులోనే పడక, అందులోనే బియ్యం డబ్బా. మూడు క్యాన్లు పెడితే చెల్లె పడుకునే చోటు పోతుంది.

అంటే ఆ సలహాలు పనికిరావని కాదు. అవి వేరే ఇళ్ళ కోసం రాసినవి. మన ఇంటి కొలతకు మనమే కుట్టుకోవాలి.

మా అభిప్రాయం ఒకటే. ఈ కంపెనీల మధ్య బతికే కూలి కుటుంబానికి ఆపద సంచిలో మొట్టమొదట ఉండాల్సింది టార్చిలైటు కాదు, బిస్కెట్లు కాదు. ఒక కాగితం. ఆ కాగితం మీద నాయన ఏ కంపెనీలో, ఏ విభాగంలో, ఏ షిఫ్టులో పనిచేస్తాడో రాసి ఉండాలి. కంపెనీ పూర్తి పేరు, ఏ ఫేజు, గేటు ఎక్కడ. కాంట్రాక్టరు అసలు పేరు, ఫోను నంబరు. ఈ.ఎస్.ఐ. నంబరు, పి.ఎఫ్. నంబరు. గేటు పాసు ఉంటే దాని జిరాక్సు. కూడా పనిచేసే ఇద్దరి ఫోను నంబర్లు. నెల మారినప్పుడు, కాంట్రాక్టరు మారినప్పుడు కాగితం మార్చాలి. ఎందుకంటే మా నాయనలు ఒకే కంపెనీలో ఏళ్ళ తరబడి ఉండరు. ఈ నెల కాజీపల్లి, వచ్చే నెల గడ్డపోతారం, పై నెల బొంతపల్లి. అడ్డా మీద నిలబడి ఏ డీసీఎం వస్తే అది ఎక్కి పోయే రోజులు కూడా ఉంటాయి. అలాంటి రోజున పొద్దున పోయేముందు ఇంట్లో ఒక మాట చెప్పి పోవాలి.

ఈ కాగితం ఎందుకంత ముఖ్యమో మరికొంచెం చెబుతాం. పనిలో ప్రమాదం జరిగి ఈ.ఎస్.ఐ. ఉన్న కార్మికుడు చనిపోతే అతని మీద ఆధారపడినవాళ్ళకు జీతంలో 90 శాతం లెక్కన నెలనెలా వచ్చే సాయం ఉంది. గాయపడితే రామచంద్రాపురం ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. కాంట్రాక్టు కూలి అయినా నష్టపరిహారం విషయంలో అసలు యజమాని బాధ్యత తప్పదు. కానీ ఇవన్నీ, మనిషి ఆ రోజు ఆ గేటు లోపల ఉన్నాడని రుజువైన తర్వాతి మాటలు. రిజిస్టరు మంటల్లో కాలిపోవచ్చు. కాంట్రాక్టరు ఫోను ఎత్తకపోవచ్చు. అమ్మ దగ్గర చిన్న కాగితం ముక్క ఉంటే అధికారి ముందు నిలబడి మాట్లాడగలుగుతుంది. లేకపోతే పోలీసు తాడు బయట నిలబడి ఏడుస్తుంది.

మేము దసరాకు ఇంటికి పోయినప్పుడు ఈ పని మొదలుపెట్టాం. అంత తేలిగ్గా జరగలేదు. మాలో ఒకరి అమ్మ సంచి చూసి "ఏంది బిడ్డా గిది, యాడికన్న పోతున్నవా?" అంది. సంగతి చెబితే కోపం వచ్చింది. "పండుగ పూట గివేం మాటలురా! మీ నాయనకు ఏమన్న గావాల్నని సూస్తున్నవా? ఇంట్ల ముందుగాల్నే ముల్లె గట్టి పెడితే కీడొస్తది. తీసెయ్ దాన్ని" అంది. వాడు సంచి తీసి మంచం కింద పెట్టాడు. రాత్రి నాయనమ్మ పిలిచి అడిగిందట, అందులో ఏమున్నాయని. చెప్పాడు. ముసలామె కాసేపు ఊరుకుని "మా అత్త ఎండకాలమొస్తే గుడిసెకు నిప్పంటుకుంటదని పట్టా కాగితాలు, ఇంత ఎండి ఓ గుడ్డల గట్టి రాత్రిపూట తలకింద బెట్టుకొని పండుతుండె. గది కీడు గాదు గని గిదెట్ల కీడైతది" అందట. మర్నాడు సంచి మళ్ళీ మేకుకు ఎక్కింది. కోడలు అత్తకు ఎదురు చెప్పలేదు.

మా పెద్దలకు ఇది కొత్త కాదు మరి. సద్ది ముల్లె కట్టుకుని పొలం పోయినవాళ్ళు, కరువులో ఊరు విడిచి చెరుకు నరకడానికి పోయినప్పుడు పది నిమిషాల్లో సంసారాన్ని మూటగట్టినవాళ్ళు. ఏ మూట ముందు ఎత్తాలో వాళ్ళకు తెలుసు. కాకపోతే వాళ్ళకు తెలిసిన ఆపదలు నిప్పు, నీళ్ళు, కరువు. కంటికి కనిపించని గ్యాసు వాళ్ళకు తెలియదు. ఇక్కడ చదువుకున్న మేము చెప్పాలి.

అందుకే గ్యాసు గురించి కొంచెం నిదానంగా రాస్తాం, విసుగు పడకండి.

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసైనేట్ గ్యాసు బయటికొచ్చింది. ఏం జరుగుతున్నదో ఎవరూ చెప్పలేదు. జనం చీకట్లో పరిగెత్తారు. పరిగెత్తేవాడికి ఆయాసం, ఆయాసంతో మరింత గాలి పీల్చడం, ఆ గాలిలోనే విషం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చినప్పుడు కూడా అంతే. 12 మంది చనిపోయారు. వందలమంది రోడ్ల మీద, కాలువల పక్కన కుప్పకూలారు. ఆ ఫ్యాక్టరీలో సైరను మోగించడానికి 36 చోట్ల మీటలు ఉన్నా ఒక్కటీ నొక్కలేదని తర్వాత ప్రభుత్వం వేసిన కమిటీ చెప్పింది. మన జిల్లాలోనే 2024 ఏప్రిల్ 3న హత్నూర మండలం చందాపూర్ దగ్గర ఎస్.బి. ఆర్గానిక్స్‌లో రియాక్టరు పేలి ప్రాణాలు పోయాయి.

పరిగెత్తాలా, తలుపులు వేసుకుని లోపలే ఉండాలా? ఇదే అసలు ప్రశ్న. పుస్తకాలు రెండూ చెబుతాయి. గ్యాసు మేఘం బయట కమ్ముకుని ఉంటే ఇంట్లోనే ఉండి, తలుపులు కిటికీలు మూసి, సందుల్లో తడి గుడ్డలు కుక్కాలి. ఫ్యాను, కూలరు ఆపాలి. కూలరు బయటి గాలినే కదా లోపలికి లాగేది. గ్యాసు ఇంకా దూరంగా ఉండి, పోలీసులు పొమ్మంటే పోవాలి. పోయేటప్పుడు గాలి వీచే దిక్కుకు అడ్డంగా, పక్కకు పోవాలి. గాలితోపాటు పోతే గ్యాసు మన వెంటే వస్తుంది. గాలి ఎటుందో పొగ గొట్టం చూస్తే తెలుస్తుంది, ఆరేసిన బట్ట చూస్తే తెలుస్తుంది, గుప్పెడు దుమ్ము జారవిడిస్తే తెలుస్తుంది. స్టైరీన్, క్లోరిన్, కంపెనీల్లో వాడే చాలా సాల్వెంట్ల ఆవిర్లు గాలికంటే బరువైనవి. నేలను పట్టుకుని పాకుతాయి, పల్లంలో నిలుస్తాయి. అందుకని నాలాలోకి, వాగులోకి దిగకూడదు. మిట్టకు పోవాలి, లేదా పై అంతస్తుకు.

చదవడానికి బాగానే ఉంది. కానీ మా ఇళ్ళు రేకుల గదులు! గోడకూ రేకుకూ మధ్య జానెడు సందు. అందులోంచి పిచ్చుకలు వచ్చిపోతాయి. ఎన్ని తడి గుడ్డలు కుక్కుతాం? లోపలే ఉండమన్న సలహా స్లాబు ఇంటివాళ్ళకు చెల్లుతుంది, మాకు చెల్లదు. ఈ ముక్క మేము చదివిన ఏ పుస్తకంలోనూ కనబడలేదు. కనుక మా మాట ఇది. రేకుల గదిలో ఉండేవాళ్ళు ముందుగానే ఒక స్లాబు ఇల్లు చూసి పెట్టుకోవాలి. ఇంటి ఓనరుదో, బడిదో, దగ్గరలోని కమ్యూనిటీ హాలో. మేడ మీది గది అయితే మరీ మంచిది. ఆపద రాత్రి తలుపు కొడితే తియ్యమని ఓనరుతో ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఓనరు మనసు ఎలాంటిదో కూడా అప్పుడే తెలుస్తుంది. మా అమ్మలు అడగడానికి మొహమాటపడ్డారు. మేమే పోయి అడిగాం. ఒకాయన వెంటనే సరే అన్నాడు. ఒకావిడ "చూద్దాం లే" అంది. ఆ చూద్దాం లే ఎందుకన్నదో మాకు అర్థం కాకపోలేదు. ఏ వాడ నుంచి వచ్చామో అడిగిన తర్వాత అన్నది మరి. మేము బడి వాచ్‌మన్ తాతతో మాట్లాడుకుని వచ్చాం.

తడి గుడ్డ గురించి ఒక మాట. ముక్కుకు, నోటికి తడి గుడ్డ కట్టుకోవడం మంచిదే. నీళ్ళలో కరిగే గ్యాసులు, అమ్మోనియా, క్లోరిన్ వంటివి కొంత ఆగుతాయి. భోపాల్‌లో ఆ రాత్రి ఈ చిన్న సంగతి చెప్పినా ఎందరో బతికేవారని తర్వాత చాలామంది అన్నారు. అయితే సాల్వెంట్ ఆవిరికి తడి గుడ్డ పెద్దగా అడ్డు కాదు. గుడ్డ కట్టుకున్నాం కదా అని నిలబడి చోద్యం చూడకూడదు. అది నాలుగు అడుగులు పోవడానికే. ఇంకొకటి. వాసన ఘాటుగా ఉన్నప్పుడు లైటు స్విచ్చి వేయడం, అగ్గిపుల్ల గీయడం చేయకూడదు. నిప్పు అంటుకుంటుంది. పొయ్యి ముందే ఆర్పాలి.

ఇక మిగతా సామాను గబగబా చెప్పేస్తాం. బ్యాటరీ టార్చి, విజిల్. పొగలో, చీకట్లో అరిచి అరిచి గొంతు పోతుంది, విజిల్ అయితే చిన్నపిల్ల కూడా ఊదగలదు. రెండు నూలు తువ్వాళ్ళు, ఒక లీటరు సీసా నీళ్ళు (తడపడానికీ, తాగడానికీ). ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు. నాయనమ్మ బీపీ గోలీలు, షుగరు గోలీలు వారానికి సరిపడా, చీటీ జిరాక్సుతో సహా. శుభ్రమైన గుడ్డ. కొంత చిల్లర డబ్బు, ఎందుకంటే కరెంటు పోయినరోజు ఫోన్‌పే పనిచేయదు. అందరివీ ఒక జత చెప్పులు తలుపు దగ్గరే ఉండాలి. పేలుడు తర్వాత రోడ్డు నిండా గాజుపెంకులే. కాలిన గాయానికి టూత్‌పేస్టు, సిరా, పసుపు రాయడం మన ఇళ్ళలో ఇంకా ఉంది. వద్దు. చల్లని నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. కంట్లో రసాయనం పడితే కూడా నీళ్ళే, ఆగకుండా కడుగుతూనే ఉండాలి. 112, 101, 108 నంబర్లు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. అమ్మకు చదువు రాకపోతే అంకెలైనా గుర్తుపడుతుంది.

ఇంట్లో మరో క్యాను మంచినీళ్ళు ఎప్పుడూ నింపి ఉంచాలని మేమంటాం. మూడు కాదు, ఒక్కటి. పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్ళ బోర్లు, నక్కవాగు ఏమయ్యాయో మన తాతలకు తెలుసు. తాగేనీళ్ళ కోసం ఈ ఊళ్ళ గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉన్నట్టు తేలింది. ఆ గోలీ వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదట! పంపు నీళ్ళు రాని రోజు బోరు నీళ్ళు మరగబెట్టి తాగుదామని కొందరు అంటారు. మరగబెడితే క్రిములు చస్తాయి, రసాయనం పోదు. నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అందుకే క్యాను.

కాగితాల సంగతి మళ్ళీ. ఆధార్, ఆహార భద్రత కార్డు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ, ఇవన్నీ జిరాక్సులు పాలిథిన్ కవర్లో. వీటితోపాటు మన పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం. హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్పు, రేపటి ఉద్యోగం అన్నీ ఈ మూడు కాగితాల మీద నిలబడి ఉన్నాయి. ఇంట్లో బంగారం లేదు, భూమి లేదు. మా అమ్మలు మా మెమోలను చీరల మధ్య పెట్టి దాస్తారు. చీరలకు నిప్పంటుకుంటే? ఫోనులో డిజిలాకర్‌లో కూడా పెట్టుకోండి. ఫోను లేని తమ్ముళ్ళు మా దగ్గరికి రండి, పెట్టిస్తాం.

ఇదంతా విని మా సీనియర్ అన్న ఒకాయన గట్టిగానే దెబ్బలాడాడు. "పేలే కంపెనీ వాళ్ళది, సంచి కట్టుకోవాల్సింది మనమా? రేపు ఏదైనా జరిగితే, మీ దగ్గర సంచి లేదు కాబట్టే చచ్చారని అంటారు చూడండి" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. భోపాల్ తర్వాత ఈ దేశంలో నియమాలు వచ్చాయి. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల ప్రకారం పెద్ద ప్రమాదానికి అవకాశమున్న ఫ్యాక్టరీ, చుట్టుపక్కల ఉండేవాళ్ళకు ఆ ప్రమాదం ఎలాంటిదో, జరిగితే ఏం చేయాలో ముందే చెప్పాలి. లోపలి ప్రణాళికను ఆరు నెలలకోసారి, బయటి ప్రణాళికను కనీసం ఏడాదికోసారి రిహార్సల్ చేసి చూడాలి. 1996 నియమాల ప్రకారం జిల్లాకో సంక్షోభ నివారణ బృందం, దానికి కలెక్టరు అధ్యక్షుడు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. మా ఇళ్ళలో ఏ ఒక్కరికీ పక్క కంపెనీ నుంచి అలాంటి చీటీ వచ్చిన జ్ఞాపకం లేదు. రిహార్సల్ అంటే మాకు ఇప్పటిదాకా వార్షికోత్సవం డాన్సు రిహార్సలే తెలుసు.

అన్న మాటకు మా జవాబు ఏమిటంటే, సంచి కట్టుకున్నంత మాత్రాన అడిగే హక్కు పోదు. నిజానికి సంచి కట్టడం మొదలుపెట్టాకే మాకు అడగడం వచ్చింది. కాగితం మీద "కంపెనీలో ఏ రసాయనం" అని ఒక గడి గీసుకున్నాం. అది నింపడానికి నాయనను అడిగితే "తెల్వదు బిడ్డా, డ్రమ్ము మీద పుర్రె బొమ్మ ఉంటది" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ డ్రమ్ములు మోస్తున్న మనిషి! మర్నాడు ఆయన సూపర్‌వైజరును అడిగాడట. "నీకెందుకయ్యా" అన్నాడట. వారం తర్వాత తోటి కూలీలు నలుగురు కలిసి అడిగారు. అప్పుడు డ్రమ్ము మీది పేరు చదివి చెప్పాడు. టొల్యూన్. మేము దాన్ని గడిలో రాసి, పక్కన "మండుతుంది, ఆవిరి బరువు, మిట్టకు పోవాలి" అని రాశాం. ఆ నలుగురూ ఆ పక్కముక్కను తమ ఫోన్లలో ఫొటో తీసుకున్నారు. అన్నకు ఈ సంగతి చెప్పాం. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన వ్యాసం వచ్చే సంచికలో వస్తుందేమో చూద్దాం.

హాస్టల్‌కు కూడా సంచి కావాలి కదా అని తమ్ముళ్ళు అడిగారు. నిజమే. ఇంతమందిమి ఒకే కప్పు కింద పడుకుంటున్నాం. రాత్రి గేటుకు తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఒక్కటే ఉండేది. వార్డెన్ సారుతో మాట్లాడితే రెండోది చేయించి వంట అక్క గదిలో పెట్టించారు. ఒక్కొక్క గదికి ఒక పెద్ద విద్యార్థి, రాత్రి లెక్క చూడాలి అనుకున్నాం. రాత్రిపూట కొన్నిసార్లు గాలిలో ఘాటు వాసన వస్తే కిటికీలు వేసుకుని పడుకోవడం ఇక్కడ మనకు అలవాటైపోయింది. ఇప్పుడు వాసన వచ్చిన తేదీ, సమయం, గాలి దిక్కు ఒక నోటుబుక్కులో రాస్తున్నాం. దాన్ని ఎవరికి పంపాలన్నది పెద్దలు చెప్పాలి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీలో కొందరు ఇదే ప్రాంతంలో కంపెనీల సేఫ్టీ విభాగాల్లో, ఈ.ఎస్.ఐ. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, ఫైర్ స్టేషన్లలో ఉన్నారని విన్నాం. ప్రతి వార్షికోత్సవానికి మీరు నోటుబుక్కులు, క్రికెట్ బ్యాట్లు తెస్తున్నారు, సంతోషం. ఈసారి ఒక గంట సమయం తీసుకురండి. నిప్పు ఆర్పే సిలిండరు ఎలా వాడాలో చేతిలో పెట్టి చూపించండి. మా హాల్లో ఒకటి ఉంది. దాని గడువు తేదీ చెరిగిపోయి మాకు చదవరావడం లేదు.

వార్డెన్ సారు టేబుల్ మీద ఇప్పుడు ఒక పొడుగు రిజిస్టరు ఉంది. ప్రతి విద్యార్థి పేరు ఎదురుగా గళ్ళు గీశాం. నాయన లేక అమ్మ పనిచేసే కంపెనీ, ఊరు, షిఫ్టు, కాంట్రాక్టరు, రెండు ఫోను నంబర్లు. దసరా తర్వాత చాలావరకు నిండాయి. జూన్‌లో ఏడ్చిన ఆ తమ్ముడు అందరికంటే ముందు నింపాడు, మేస్త్రీ ఇంటిపేరుతో సహా. ఇంకా పద్నాలుగు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయడం లేదు, ఎవరో వాళ్ళకే తెలుసు. ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసి అడిగి, సోమవారం పొద్దున ప్రార్థనకు ముందు వచ్చి నింపండి. పెన్ను రిజిస్టరుకు దారంతో కట్టి ఉంది.